జుబ్బా ఎవరిది?

మా అబ్బా దర్జీ. గుంటూరు జిల్లాలో మా ఊరి బజార్లో, సోడాకొట్టు పక్కన రేకుల వరండా ఆయన దుకాణం. ఉగాది ఇంకో పది రోజులుందనగా మా హైస్కూలు తెలుగు మేష్టారు ఖద్దరు బట్ట చంకలో పెట్టుకుని వచ్చేవారు. ఏటా అంతే.

"సాయిబూ, చేతులు కాస్త వదులుగా కుట్టవయ్యా. చెయ్యి బిగిస్తే నా నోట పద్యం రాదు."

"అట్టాగేనండీ మేష్టారూ. మీ కొలతలు నాకు తెలియనియ్యా?"

ఉగాదినాడు కవిసమ్మేళనంలో ఆ జుబ్బా మెరిసిపోయేది. పంచె, జుబ్బా, భుజాన కండువా. తెలుగుదనమంటే ఇదీ అని సభాధ్యక్షులు ప్రతి ఏడూ అనేవారు. వెనక వరసలో నిలబడి వింటున్న నాకు గర్వంగా ఉండేది. ఆ తెలుగుదనాన్ని కుట్టింది మా అబ్బానే కదా!

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా రంజాన్ పండక్కి అబ్బా నాకూ ఒకటి కుట్టాడు. మేష్టారి జుబ్బాకి పెట్టిన అట్టనే చిన్నది చేసుకుని కత్తిరించాడు. పొడుగు మాత్రం ఓ జానెడు ఎక్కువ పెట్టాడు. కింద తెల్ల పైజామా. పండగ మర్నాడు అదే వేసుకుని బడికెళ్ళాను. పిల్లలు 'తురక చొక్కా' అని వెంటపడ్డారు. అది నాకు కొత్త కాదు. తెలుగు మేష్టారు మాత్రం నవ్వుతూ, ప్రేమగానే అన్నారు: "ఏరా, ఇవాళ మీ మతం బట్టల్లో వచ్చావే!" అలా అన్నప్పుడు ఆయన ఒంటిమీద ఉన్నదీ జుబ్బానే.

ఇంటికొచ్చి అబ్బాని అడిగాను. ఆయన సూదిలోకి దారం ఎక్కిస్తూ, "పంచె మీదేస్తే తెలుగోళ్ళ బట్ట. పైజామా మీదేస్తే సాయిబుల బట్ట. అంతేరా. కత్తెరకేం తెలుసు?" అన్నాడు.

ఆయనకి అక్కడితో అయిపోయింది. నాకు కాలేదు. ఆ మాట ఎక్కడ పుట్టింది, ఎవరెవరి ఒళ్ళమీద తిరిగి మా ఊరి బజారుదాకా వచ్చింది అని ఇన్నేళ్ళుగా వెతుక్కుంటూనే ఉన్నాను. దొరికినంత మీ ముందు పెడుతున్నాను.

జుబ్బా అరబ్బీ మాట. మిగతా బట్టల మీద తొడుక్కునే పొడుగాటి అంగీని అరబ్బులు 'జుబ్బ' అంటారు. ఈజిప్టువాళ్ళ నోట్లో అదే 'గిబ్బ' అవుతుంది. హదీసుల్లో ఈ మాట చాలాచోట్ల కనిపిస్తుంది. అందులో ఒకటి మనం ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి. 630లో తబూక్ ప్రయాణంలో ప్రవక్త వుజూ చేసుకోబోయారు. ముగీరా అనే సహచరుడు నీళ్ళు పోస్తున్నాడు. ప్రవక్త ఒంటిమీద షామ్ దేశపు జుబ్బా ఉంది. షామ్ అంటే సిరియా ప్రాంతం. ఆ జుబ్బా చేతులు బాగా ఇరుకు. పైకి లాగబోతే రాలేదు. చివరికి ఆయన చేతుల్ని లోపలికి తీసుకుని, జుబ్బా కిందినుంచి బయటికి పెట్టి కడుక్కున్నారు. కొన్ని కథనాల్లో దాన్నే 'రూమీ జుబ్బా' అన్నారు. రూమ్ అంటే బైజాంటియం సామ్రాజ్యం. అప్పటికి సిరియా ఆ క్రైస్తవ చక్రవర్తి ఏలుబడిలోనే ఉంది. తబూక్ ప్రయాణం కూడా ఆ సామ్రాజ్యాన్ని ఎదుర్కోవడానికి బయల్దేరిందే.

ఎవరి మీదికి బయల్దేరారో వాళ్ళ దేశంలో తయారైన బట్ట ప్రవక్త ఒంటిమీద ఉంది. 9వ శతాబ్దంలో హదీసుల్ని సంకలనం చేసిన బుఖారీ, షామ్ జుబ్బాలో నమాజు చేయడం గురించి విడిగా ఒక అధ్యాయం పెట్టాడు. పరాయి మతం వాళ్ళ చేతిమీదుగా వచ్చిన బట్టలో నమాజు చెల్లుతుందా అన్న సందేహం ఆనాడే ఉందన్నమాట. చెల్లుతుందనే జవాబూ ఆనాడే వచ్చింది.

ఇది చదివినప్పుడు నాకు ముందు మా మేష్టారే గుర్తొచ్చారు. చేతులు బిగిస్తే పద్యం రాదన్న మనిషి ఈ కథ వింటే ఎంత సంతోషించేవారో! రెండోది, మా వాళ్ళే గుర్తొచ్చారు. జుబ్బాకి మతం ఉందని మా మేష్టారు ఒక్కరే అనుకోలేదు. మా మసీదు మెట్లమీద నిలబడి, 'నీకు పంచెందుకు? ముసల్మానువి, జుబ్బా పైజామా వేసుకో' అని నూర్‌బాషా ముసలాయన్ని మందలించిన కుర్రాళ్ళూ అదే అనుకున్నారు. ఆ ముసలాయన తాతముత్తాతలు పంచెలతోనే అయిదు పూటలా నమాజు చేశారు.

అరబ్బుల దగ్గర్నుంచి ఈ మాట మధ్యధరా సముద్రం దాటింది. స్పెయిన్‌లో అరబ్బీ విశేషణం 'అల్'తో సహా 'అల్హుబ' అయింది. ఇటలీలో 'జుబ్బ' అయింది. వాళ్ళు రెండో బకారం కూడా పోనివ్వలేదు. ఇవాళ్టికీ ఇటలీలో మామూలు కోటుని 'జుబ్బోత్తో' అంటారు. 1892లో మొదటిసారి ఆడిన 'పల్యాచ్చి' అనే ఒపేరాలో, గుండె పగిలిన విదూషకుడు నవ్వించడానికి వేషం కట్టుకుంటూ పాడే పాట ప్రపంచమంతా తెలుసు. ఆ పాట పేరులోనూ ఈ మాట ఉంది. అక్కడ జుబ్బా అంటే కోమాళి చొక్కా.

ఫ్రాన్సు వెళ్ళాక జుబ్బా 'జూప్' అయింది. మొదట్లో అది మగవాళ్ళ అంగీ. రానురాను ఆడవాళ్ళ లంగా అయింది. ఇప్పుడు పారిస్‌లో జూప్ అంటే స్కర్టు, అంతే. జర్మనీలో 'యోప్పె' అంటే మగవాళ్ళ కోటు. రష్యాలో దీని సంతానం ఇద్దరు. జర్మన్ల దారిన వచ్చిన 'షూబ' మంచులో తొడుక్కునే బొచ్చుకోటు. పోలండు దారిన వచ్చిన 'యూబ్క' ఆడవాళ్ళ లంగా. ఎడారిలో పుట్టిన మాట మంచుదేశంలో బొచ్చు కప్పుకుంది!

ఇంగ్లీషులో 'జంప్' అని ఒక పొట్టి కోటు ఉండేది. గెంతడానికీ దానికీ ఏ సంబంధమూ లేదు. అది బహుశా ఫ్రెంచి జూప్ నుంచే వచ్చిందని నిఘంటుకారులు చెబుతారు. ఆ జంప్ నుంచి వచ్చిందే 'జంపర్'. ఇంగ్లీషువాళ్ళతో అది మన దేశానికీ వచ్చింది. మా నానీ రవికెని జంపరు అనే అనేది. మా వీధిలో కమ్మవారి అమ్మమ్మలూ, మాలపల్లెలో అమ్మలూ జంపరు అనే అనేవాళ్ళు. అంటే మా అబ్బా దుకాణంలో ఒకే పూట మేష్టారికి జుబ్బా, మేష్టారి భార్యకి జంపరు తయారయ్యేవి. ఒకటి ఫార్సీ, ఉర్దూల మీదుగా వచ్చింది. రెండోది ఇటలీ, ఫ్రాన్సు, ఇంగ్లండు తిరిగి సముద్రం మీదుగా వచ్చింది. విడిపోయిన అన్నదమ్ములు వందల ఏళ్ళ తర్వాత ఒకే కుట్టుమిషను మీద కలుసుకున్నట్టయింది. ఇద్దరికీ ఆ సంగతి తెలీదు, కుట్టేవాడికీ తెలీదు.

తూర్పుకి పోర్చుగీసువాళ్ళు మోసుకెళ్ళారు. వాళ్ళ భాషలో ఇది 'జిబావ్'. 1543లో వాళ్ళు జపాను తీరం చేరారు. జపానువాళ్ళు ఆ మాటని 'జుబాన్' చేసుకున్నారు. ఇవాళ కిమోనో లోపల వేసుకునే బట్ట పేరు అదే. జపాను సంప్రదాయం అనగానే ప్రపంచం చూపించేది కిమోనోని. దాని లోపల, ఒంటికి దగ్గరగా, ఒక అరబ్బీ మాట ఉంది. మలేసియాలో 'జుబా' అంటే అరబ్బు తరహా పొడుగు అంగీ, విశ్వవిద్యాలయంలో పట్టా పుచ్చుకునేటప్పుడు వేసుకునే గౌనూ అదే.

ఒకే బట్ట ఒకచోట పవిత్రం, ఇంకోచోట నేరం ఎలా అవుతుందో చూడాలంటే టర్కీకి వెళ్ళాలి. అక్కడ దీని పేరు 'జుబ్బె'. 1934లో రిపబ్లిక్ ప్రభుత్వం ఒక చట్టం చేసింది. ఏ మతం పూజారి అయినా ప్రార్థనాస్థలాల బయట మతపరమైన దుస్తులు వేసుకోకూడదంది. ఇమాము జుబ్బె మసీదు గడప లోపలే ఆగిపోయింది. కానీ అదే టర్కీలో కోర్టులో వకీలు తొడుక్కునే నల్లగౌనుని ఏమంటారు? జుబ్బె అనే అంటారు.

సూడాన్ కథ ఇంకోరకం. 1881లో తనని మహ్దీగా ప్రకటించుకున్న ముహమ్మద్ అహ్మద్ వెంట బీదాబిక్కీ కదిలారు. ఈజిప్టు పాలన మీదా, దాని వెనకున్న బ్రిటిషువాళ్ళ మీదా తిరగబడ్డారు. వాళ్ళ గుర్తు అతుకులేసిన 'జిబ్బా'. బీదరికానికి గుర్తుగా మొదలైన అతుకులు తర్వాత్తర్వాత సైన్యం యూనిఫారం అయ్యాయి. 1898 సెప్టెంబరు 2న ఓమ్‌దుర్మాన్ దగ్గర బ్రిటిషువాళ్ళ మెషిన్‌గన్ల ముందు ఆ జిబ్బాలు వేల సంఖ్యలో నేలకూలాయి.

ఆ తర్వాతి సంగతి వినండి. 20వ శతాబ్దం మొదట్లో ఇంగ్లండులో బ్రైటన్ దగ్గర రోడీన్ అనే ఆడపిల్లల బడిలో, ఆటలాడుకోవడానికి వీలుగా వదులైన అంగీని యూనిఫారంగా పెట్టారు. దాని పేరు 'జిబ్బా'. బిగుతు గౌన్లలో ఊపిరాడని ఆడపిల్లలు గెంతడానికీ పరుగెత్తడానికీ అరబ్బు అంగీ పనికొచ్చింది. ఆ బడికి దానివల్ల అప్రతిష్ఠ రాలేదు. పేరు మార్చాలనీ అనిపించలేదు.

ఇక మన ఇంటికి వద్దాం. తెలుగువాళ్ళ ఒంటిమీదికి అరబ్బీ, ఫార్సీ బట్టలు జుబ్బాతో రాలేదు. అంతకు చాలా ముందే వచ్చాయి. ఫార్సీ 'కులాహ్' తెలుగులో 'కుళ్ళాయి' అయింది. అరబ్బీ 'కబా' మన 'కబాయి' అయింది. విజయనగర రాజుల దర్బారు దుస్తులు ఇవే. 14వ శతాబ్దంలో ఆ రాజులు 'హిందూరాయ సురత్రాణ' అని బిరుదు పెట్టుకున్నారు. సురత్రాణ అంటే సుల్తాన్. హిందూరాజుల్లో సుల్తాన్ అని గర్వంగా చెప్పుకున్నారు. 1443లో ఆ దర్బారుకి వచ్చిన పారశీక రాయబారి అబ్దుర్ రజాక్, రాజు సాటిన్ కబా తొడుక్కుని ఉన్నాడని రాశాడు. శ్రీనాథుడిదిగా చెప్పుకునే ఒక చాటువులో కవి కర్ణాటక కొలువు కోసం నెత్తిన కుళ్ళాయి పెట్టుకోవాల్సి వచ్చిందని మొత్తుకుంటాడు. 16వ శతాబ్దపు లేపాక్షి గుడి కప్పు మీది బొమ్మలు చూడండి. శివుడి ముందు చేతులు జోడించినవాళ్ళ నెత్తిన పొడుగాటి కుళ్ళాయిలు ఉంటాయి. తిరుమలలో కృష్ణదేవరాయల విగ్రహం నెత్తినా కుళ్ళాయే ఉంది.

ఆ కుళ్ళాయి రాజుల దగ్గరే ఆగిపోలేదు. అనంతపురం జిల్లా గూగూడులో కుళ్ళాయిస్వామి ఉన్నాడు. ఆయన పీరు. మొహర్రానికి ఆ ఊరికి జనం వేలల్లో వస్తారు. అందులో ముస్లిములకన్నా ముస్లిమేతరులే ఎక్కువ. ఆ చుట్టుపక్కల ఊళ్ళల్లో హిందువుల పిల్లలకి కుళ్ళాయప్ప, కుళ్ళాయమ్మ అని పేర్లుంటాయి. ఒక ఫార్సీ టోపీ తెలుగు తల్లి ఒళ్ళో బిడ్డ పేరైంది.

ఈ వరసలోనే పైజామా, రుమాలు, కమీజు, షరాయి, జేబు వచ్చాయి. దర్జీ అనే మాటా వచ్చింది. జుబ్బా కూడా ఫార్సీ, ఉర్దూల మీదుగా ఇలాగే వచ్చింది. తమిళంలో 'జిప్పా', మలయాళంలో, కన్నడంలో 'జుబ్బ' అయింది. జాతీయోద్యమంలో అది ఖద్దరు వేసుకుంది. గాంధీ మనుషులూ వేసుకున్నారు, కమ్యూనిస్టులూ వేసుకున్నారు, కవులు మరీ వేసుకున్నారు. మా అబ్బా కుట్టిన ఒక్క జుబ్బాని విప్పి చూస్తే, బట్ట ఖద్దరు, పేరు అరబ్బీ, కాజా, బొత్తాం అనే మాటలు పోర్చుగీసు, కుట్టిన మిషను సింగర్.

కమీజు సంగతీ ఇంతే. అది అరబ్బీ 'కమీస్'. ఖురానులో యూసుఫ్ కథలో వెనకనుంచి చిరిగిన చొక్కా పేరు అదే. కానీ అది అరబ్బుల సొంతం కాదు, లాటిన్‌లోని 'కమీసియా' నుంచి వచ్చింది. ఏ మాట కొసని పట్టుకుని లాగినా అవతల ఇంకెవరి చెయ్యో తగులుతుంది.

జేబు గురించి విడిగా చెప్పాలి. అరబ్బీలో 'జైబ్' అంటే చొక్కా ఎదదగ్గరి తెరిపి. ఖురాను 24వ సూరా 31వ ఆయతులో, ఓణీని ఎదమీదికి కప్పుకోమని స్త్రీలకి చెప్పేచోట వచ్చిన 'జుయూబ్' దీని బహువచనమే. ఇవాళ దేశమంతా వాదులాడుకుంటున్న హిజాబు చర్చలో ముందు ఉదహరించే ఆయతు అదే. అందులోని మాటే మన చొక్కాకి జేబై కూర్చుంది. ఇంకో విశేషం ఉంది. 499లో ఆర్యభటుడు చాపంలో సగం జీవాని లెక్కకట్టి పట్టిక ఇచ్చాడు. సంస్కృతంలో దాని పేరు 'జ్యా', 'జీవా'. అరబ్బు పండితులు ఆ లెక్కల్ని ప్రేమగా నేర్చుకుని 'జీబ' అని రాసుకున్నారు. అరబ్బీలో హ్రస్వాలకి అక్షరాలు రాయరు కాబట్టి తర్వాతివాళ్ళు దాన్నే 'జైబ్' అని చదివారు. 12వ శతాబ్దంలో లాటిన్‌లోకి అనువదించినవాళ్ళు, జైబ్ అంటే ఎద, బట్ట మడత కదా అని 'సైనస్' అన్నారు. పదో తరగతిలో మనందరం బట్టీపట్టిన 'సైన్ థీటా' అదే. ఆర్యభటుడి వింటినారి అరబ్బు చొక్కా జేబులో దాక్కుని యూరప్ వెళ్ళి, ఇంగ్లీషు బూట్లేసుకుని మన బడికి తిరిగొచ్చింది.

ఇదంతా చెబితే మిత్రులు సంబరపడతారు. 'చూశారా, మనదంతా కలగలుపు సంస్కృతి' అంటారు. నేను అక్కడే ఆగుతాను. మాటలు కలిశాయి, సరే. మనుషులకి ఏం జరిగింది?

జుబ్బా అన్న మాటకి గౌరవం దక్కింది. ఆ జుబ్బాకి దూదిని ఏకినవాడికి ఏం దక్కింది? దూదిని ఏకేవాణ్ణి పింజారి అంటారు. అది ఒక వృత్తి పేరు. మా నూర్‌బాషాల, దూదేకుల వాళ్ళ పేరు. బట్ట పుట్టాలంటే ముందు వాడి వింటినారి మోగాలి. తెలుగులో ఆ మాటని తిట్టు చేశారు. 'పింజారి వెధవ' అని సినిమాల్లో హాస్యానికి అంటారు, ఇళ్ళల్లో పిల్లల్ని అంటారు. అలా అనేవాళ్ళలో జుబ్బా వేసుకున్న పెద్దమనుషులూ ఉన్నారు. బట్టని తీసుకున్నారు, బట్ట పేరుని తీసుకున్నారు, బట్ట చేసినవాడి పేరుని మాత్రం ఉమ్మేశారు. ఇది కలగలుపు కాదు. వడ్డించేటప్పుడు ఒకళ్ళకి అన్నం, ఒకళ్ళకి ఎంగిలాకు.

2019 డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం మీద ఆందోళనలు జరుగుతున్నప్పుడు, జార్ఖండ్ ఎన్నికల సభలో ప్రధానమంత్రి, నిప్పు పెడుతున్నవాళ్ళెవరో వాళ్ళ బట్టల్ని బట్టే తెలిసిపోతుందన్నారు. ఆ మాట విన్నప్పుడు నాకు ఎనిమిదో తరగతి గుర్తొచ్చింది. మా మేష్టారు ప్రేమగా అన్నదాన్ని దేశం కోపంగా అంటోంది, తేడా అంతే. 2022 ఫిబ్రవరిలో కర్ణాటక ప్రభుత్వం యూనిఫారం ఉత్తర్వు ఇచ్చింది. తలమీద గుడ్డ ఉన్న ఆడపిల్లలు కాలేజీ గేట్ల బయట నిలబడ్డారు. మార్చి 15న ఆ రాష్ట్ర హైకోర్టు ఉత్తర్వుని సమర్థించింది. అక్టోబరు 13న సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు చెరో మాటా చెప్పారు. ఆ పిల్లలు గుడ్డ తీయాలా ఉంచుకోవాలా అన్నది ఆ పిల్లలు తేల్చుకోవాల్సిన సంగతి. మతపెద్దలదీ కాదు, ప్రభుత్వానిదీ కాదు. నా బాధ ఇంకోటి. బ్రైటన్‌లో అరబ్బు అంగీ ఆడపిల్లల్ని బడి మైదానంలోకి తీసుకొచ్చింది. ఇక్కడ మూరెడు గుడ్డ వాళ్ళని బడి బయట నిలబెట్టింది.

బట్టని బట్టి మనిషిని గుర్తుపట్టడం తప్పని నేను అనను. అందరం గుర్తుపడతాం. కానీ ఒకే బట్ట ఒకరి ఒంటిమీద సంప్రదాయం, ఇంకొకరి ఒంటిమీద అనుమానం అయితే, చూస్తున్నది బట్టని కాదు. మా మేష్టారు నా జుబ్బాని చూడలేదు. నా పేరుని చూశారు. తన జుబ్బాని ఆయన అసలు ఎప్పుడూ చూసుకోలేదు.

ఇవాళ జుబ్బా అన్న మాట కూడా పాతబడింది. రెడీమేడ్ కొట్లో దాన్నే కుర్తా అని అమ్ముతున్నారు. తెలుగు పెళ్ళిళ్ళ రిసెప్షన్లలో పెళ్ళికొడుకు షేర్వానీ వేసుకుంటున్నాడు. ఆ షేర్వానీ మీద ఎవరూ 'మీ మతం బట్టలు' అనడం నేను వినలేదు. వేసుకున్నవాడి పేరు తెలిసేదాకా ఎవరూ అనరు కూడా.

అబ్బా పోయి చాలా ఏళ్ళయింది. దుకాణం లేదు, కత్తెర మా ఇంట్లో ఉంది. మేష్టారు రిటైరయ్యాక ఓ ఉగాదికి దుకాణానికి వచ్చారు. కళ్ళు సరిగా ఆనని మా అబ్బా తడుముకుంటూ కొలతలు తీస్తుంటే, నేను అడిగేశాను.

"మేష్టారూ, జుబ్బా ఏ భాష మాటండీ?"

ఆయన కాసేపు ఆలోచించారు. వ్యాకరణం తెలిసిన మనిషి. "తెలుగు కాదురా," అన్నారు. "సంస్కృతమూ కాదు." ఆ తర్వాత మా అబ్బా వైపు చూశారు. "మీదేనా సాయిబూ?"

అబ్బా టేపు మెళ్ళో వేసుకుని, "కుట్టించుకున్నోళ్ళదండీ మేష్టారూ," అన్నాడు.

మేష్టారు పెద్దగా నవ్వారు. చేతులు మాత్రం వదులుగా పెట్టమని మళ్ళీ గుర్తుచేసి వెళ్ళారు.